ఇంటి సైగ

లాయరు ఆఫీసులో అందరికన్నా పెద్ద గొంతు లాయరుది కాదు, గుమ్మం పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడది. జైల్లో ఉన్నవాళ్ళతో ములాఖత్‌లు కుదర్చడం ఆవిడ పని. లాయరు ఎవరిని కలవాలి, డాక్టరు ఎవరిని చూడాలి, వీడియోలో మాట్లాడితే చాలా, మనిషే వెళ్ళాలా, ఏ రోజు, ఏ వేళ, అన్నీ ఆవిడే జైలువాళ్ళతో పోట్లాడి సాధించుకొస్తుంది. అందుకే అందరూ స్లాట్ల మేడమ్ అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, అలా జడ్జి సరేనన్నా జైల్లో స్లాట్లు ఇచ్చే గుమాస్తా సరేననడు. ఆ పూజారితో రోజూ తగువు పెట్టుకోవడానికే ఆవిడకి జీతం.

ఆ ఉదయం ఆవిడకి ఎదురుగా, బెంచీ చివర, ఒక దర్జీ మనిషి కూర్చుని ఉంది. జైల్లో ఉన్నది ఆమె తమ్ముడు. ఆ ఆఫీసులో ఆమెకి అంతకు మించిన హోదా ఏమీ లేదు కాబట్టి మనమూ ఆమెను అక్క అనే అందాం.

లోపలి గదిలో వీడియో ములాఖత్ జరుగుతోంది. లాయరు, బధిరుల బడి టీచరు, ఎదురుగా తెర మీద తమ్ముడు. అక్కని రానివ్వలేదు. "ఇది లాయరు ములాఖత్ అమ్మా. ఇందులో ఇంటివాళ్ళు కూర్చోకూడదు. కూర్చున్నారని తెలిస్తే మళ్ళీ స్లాటివ్వరు" అంది మేడమ్. ఇంటివాళ్ళ ములాఖత్ వేరే ఉంది. దానికి వెళ్దామంటే పెళ్ళయ్యాక ఈమె ఇంటిపేరు మారింది, వాడి ఇంటిపేరు వాడికే ఉంది. అక్కే అని కాగితం తెమ్మన్నారు. ఆ కాగితం తెస్తానన్న భర్త ఇవాళ ఆఫీసు మూసేశారనీ, ఇవాళ సంతకం పెట్టేవాడు రాలేదనీ రోజులు నెడుతున్నాడు. అరెస్టయిన దగ్గర్నుంచి ఆమె తమ్ముణ్ణి చూడనే లేదు. ఫోన్లో మాట్లాడుకుంటారులే అనుకోవడానికి వాడికి పుట్టుకతోనే వినబడదు, నోట మాట లేదు.

వాడు బడికి పోలేదు. అందుకని బళ్ళో నేర్పే సైగలు వాడికి రావు. వాడికి వచ్చినవన్నీ ఆ ఇంట్లో పుట్టిన సైగలే. తల్లి పోయాక అవి పూర్తిగా తెలిసినవాళ్ళు ఇద్దరే మిగిలారు, వాడూ అక్కా. కొత్తవాళ్ళు ఏం చెప్పినా వాడు తలూపుతాడు. అర్థమై కాదు, తలూపితే వదిలేస్తారని చిన్నప్పుడే కనిపెట్టాడు. గంగిరెద్దుకైనా ఎప్పుడు ఊపాలో చెప్పేవాడొకడుంటాడు, వీడికి ఆ దిక్కు కూడా లేదు.

జరిగింది ఇదీ. ఆమె భర్త సరుకుల వ్యాను నడుపుతాడు. తమ్ముడు అదే వ్యానులో మూటలు దించుతాడు. ఒక సాయంత్రం గోదాము వెనక సందులో వ్యాను వెనక్కి వస్తూ అక్కడి కాపలావాణ్ణి గోడకేసి నొక్కేసింది. పోలీసులు వచ్చేసరికి డ్రైవరు సీట్లో తమ్ముడున్నాడు. తాను సంతకం కోసం లోపలికి వెళ్ళాననీ, ఈలోగా వీడు బండితో ఆటలాడాడనీ భర్త చెప్పాడు. ఆవరణలో వ్యాను ముందుకీ వెనక్కీ జరపడం వాడికి వచ్చని గోదాములో అందరికీ తెలుసు, కాబట్టి అందరూ నమ్మారు. అక్క కూడా నమ్మింది. కాపలావాడు ఆస్పత్రిలో పోయాడు.

లోపలి తలుపు తెరుచుకుంది. లాయరు కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. మంచివాడే, కాకపోతే చేతినిండా కేసులు, వంటినిండా అలసట.

"ఒప్పుకున్నాడమ్మా" అన్నాడు. "ఒప్పుకోవడం కూడా ఎలా? మీసం తిప్పి మరీ చెప్పాడు, బండి నడిపింది నేనేనని. ఇలాంటివాణ్ణి పెట్టుకుని నేనేం వాదించను చెప్పండి?"

అక్క బెంచీ మీంచి లేచింది.

"మీసమా?" అంది.

వెనకే వచ్చిన టీచరు నెమ్మదిగా అందుకుంది. "అదేనండీ నాకూ పట్టుబడలేదు. నున్నగా గీసుకున్న ముఖం, మీసమే లేదు. ముందు ఇలా పైపెదవి మీద వేలు తిప్పాడు, తర్వాత స్టీరింగు పట్టినట్టు చేశాడు. మగాణ్ణి, నేనే నడిపా అంటున్నాడేమో అనుకున్నాం. కానీ జైల్లో కెమెరా ముఖానికే పెడతారు, చేతులు పైకెత్తితే తప్ప కనబడవు. సగం కనబడలేదు. అతనివి బడి సైగలు కావు, ఇంటి సైగలు. నేను ఖాయంగా చెప్పలేను సార్, ముందే చెప్పాను కదా."

అక్కకి తెలుసు. వాడి భాషలో పైపెదవి మీద వేలు తిప్పితే మగతనమూ కాదు, పొగరూ కాదు. బావ. ఆమె పెళ్ళినాటికి భర్తకి మెలితిప్పిన మీసం ఉండేది. పన్నెండేళ్ళ కుర్రాడు దాన్ని నోరు తెరుచుకుని చూసి, ఆ పూటే బావకి ఆ పేరు పెట్టాడు. తర్వాత పెద్దకూతురు పుట్టినప్పుడు, ముద్దుపెడితే గుచ్చుకుని ఏడుస్తోందని ఆయన మీసం తీసేశాడు. మీసం పోయినా పేరు పోలేదు. ఇప్పుడాయన్ని చూసి ఆ సైగకి అర్థం చెప్పగలిగినవాళ్ళు లోకంలో ఎవరూ లేరు, ఆయనా ఆమే తప్ప.

"మీకేమైనా తెలుసా అమ్మా?" అని టీచరు అడిగింది.

అక్క బెంచీ మీది సంచి తీసుకుంది. "చూస్తేగానీ చెప్పలేను" అంది. అబద్ధం కాదు, నిజమూ కాదు.

లాయరు గోడ గడియారం వంక చూశాడు. "రేపు మధ్యాహ్నం కోర్టులో అడుగుతారు, నేరం ఒప్పుకుంటావా అని. వాడెలాగూ తలూపుతాడు. ఒప్పుకున్నాడు కాబట్టి శిక్ష తగ్గించమని అడగడం తప్ప నా చేతిలో ఏమీ ఉండదు. ఆలోగా ఒక్కసారి నేరుగా కూర్చుని చూడాలి. మేడమ్, రేపు పొద్దున్నే మనిషి ములాఖత్ దొరుకుతుందా? ఈ అమ్మాయిని వెంట తీసుకెళ్ళాలి."

మేడమ్ అప్పటికే ఫోనెత్తింది. తర్వాత ఆవిడ విశ్వరూపం చూడాల్సిందే. "రేపు పొద్దున్న... ఏం, ఎందుకు లేదు? అన్నీ నిండిపోతే ఒకటి ఖాళీ చెయ్యండి... మనిషికి చెవుల్లేవండీ, మీ వీడియోలో చేతులు కనబడవు, వాడు దేంతో మాట్లాడతాడు, ముక్కుతోనా?... బంధువు కాదండీ, దుబాసీ. అవును, దుబాసీ! వాడి మాట తెలిసిన మనిషి ఇంకెవరైనా ఉంటే మీరే పంపండి, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను... ఇంటిపేరా? ఇన్నాళ్ళూ ఇంటిపేరు కలవలేదు, అక్క కాదు పొమ్మన్నారుగా? అక్క కానప్పుడు బంధువెలా అవుతుందండీ? ఏదో ఒకటి తేల్చండి!"

అవతల రిజిస్టరు తిరగేసిన చప్పుడు. తర్వాత మేడమ్ ఫోను పెట్టేసి, నుదురు తుడుచుకుని, అక్క వైపు తిరిగింది.

"పొద్దున మొదటి స్లాటు దొరికింది. వినండమ్మా, ఇది ముఖ్యం. గేటు దాటాక మీరు అక్క కాదు, దుబాసీ. ప్రమాణం చేయిస్తారు. అతనేమంటే అది చెప్పాలి, అనంది చెప్పకూడదు. మీ సొంత మాట ఒక్కటి కలిపారా, ఇక ఎప్పటికీ మిమ్మల్ని ఆ పనికి రానివ్వరు. ఏడుపులూ, కౌగిలింతలూ ఏమీ వద్దు. తెలిసిందా?"

తెలిసిందని అక్క తలూపింది.

ఆమె ఇల్లు చేరేసరికి భర్త ముందే వచ్చి ఉన్నాడు. పిల్లలిద్దరూ పక్క గదిలో రంగు పెన్సిళ్ళ కోసం కొట్టుకుంటున్నారు. కుట్టుమిషను మీద సగం కుట్టిన చొక్కా అలాగే పడుంది. ఆమె చెప్పులు విప్పీ విప్పకముందే అతను అడిగాడు.

"ఏమన్నాడట?"

ఆమె అతని ముఖంలోకే చూస్తూ చెప్పింది. "మీసం తిప్పాడటండీ."

అతని చెయ్యి తనంత తానే పైకి లేచింది. మీసం లేని పెదవిని తడుముకుంది. తడుముకుంటున్నానని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అతను చెయ్యి దించాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

ఆమె వెళ్ళి పక్క గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"వాణ్ణి సీట్లో కూర్చోమంది మీరేనా?"

అతను మూసిన తలుపు వంక చూశాడు. "ఒక్క నిమిషం కూర్చోమన్నానే. అంతే. నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. అద్దంలో ఎవరూ కనబడలేదు, ఒట్టు. వాడికి ఏమీ చెయ్యరనుకున్నా. మాట రానివాడు, వదిలేస్తారనుకున్నా. ఆ మనిషి చచ్చిపోతాడని నాకేం తెలుసు?"

"కాగితం కోసం తిరుగుతున్నానన్నారు. నన్ను వాడికి చూపించకుండా ఆపింది కూడా మీరేనా?"

"వాడు నీకు చెప్పేస్తాడని భయమేసింది" అన్నాడతను.

ఇతను దుర్మార్గుడైతే ఆమెకి ఇంత బాధ లేదు. పెళ్ళప్పుడు తమ్ముడు కూడా నాతో వస్తాడని ఆమె అంటే, ఇంట్లో అందరూ మొహాలు చిట్లించినా, "ఇద్దరికి వండేది ముగ్గురికి వండదా" అన్నది ఇతనే. వాడికి సైకిలు నేర్పింది ఇతనే. వీధిలో ఎవడో వాణ్ణి మూగెద్దు అంటే చొక్కా పట్టుకున్నది ఇతనే. ఆ మనిషే వాణ్ణి తీసుకెళ్ళి ఆ సీట్లో కూర్చోబెట్టాడు. ఆమెకి అతన్ని కొట్టాలనిపించింది, అతని మీద పడి ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేక మిషను మీది చొక్కా తీసి మడతపెట్టింది.

"రేపు నువ్వేం చెప్తే అదే" అన్నాడతను. "ఆ సైగ ఎవరికీ తెలీదు. వాడొక్కడే. వాడికేం పెళ్ళామా, పిల్లలా? నేను పోతే ఈ ఇద్దరూ ఏమైపోతారు? నువ్వేమైపోతావు? నా కోసం కాదు, వాళ్ళ మొహం చూసి చెప్పు."

"వాడొక్కడే" అన్న మాట ఆమెకి ముల్లులా దిగింది. నిజమే, వాడొక్కడే. ఒక్కడు కాబట్టే ఎవరైనా ఎక్కడైనా కూర్చోబెట్టగలిగారు. ఆమె ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు, భర్త అలాగే అనుకున్నాడు. ఆ మౌనంలో ఏముందో ఆమెకే తెలియదు.

మర్నాడు జైలు గేటు దగ్గర లాయరు, టీచరు, అక్క. సంచులు, ఫోన్లు బయట పెట్టించారు. ఒక ఆఫీసరు కాగితం చూసి చదువుతుంటే అక్క వెంట వెంట పలికింది. ఖైదీ చెప్పింది చెప్పినట్టు చెప్తాను, ఏదీ దాచను, నా మాట ఏదీ చేర్చను. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అంటుంటారు గానీ, ఆ పోకచెక్క సంగతి ఆమెకి ఇవాళ తెలిసింది. ఇటు కదిలితే భర్త, అటు కదిలితే తమ్ముడు. ఎటూ కదలకపోయినా మధ్యాహ్నానికి తమ్ముడే.

ములాఖత్ గది చిన్నది. నేలకి బిగించిన బల్ల, నాలుగు కుర్చీలు, ఒక గోడంతా అద్దం. అద్దం అవతల కాపలా పోలీసు నిలబడ్డాడు. లాయరు ములాఖత్ కాబట్టి అతను చూడొచ్చు, వినకూడదు. ఖైదీని ముట్టుకోకూడదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

తమ్ముడు వచ్చాడు. చిక్కిపోయాడు, చొక్కా ఒంటి మీద వేలాడుతోంది. ఎదురుగా అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ముఖం విచ్చుకుంది, వెంటనే ముడుచుకుంది, మళ్ళీ విచ్చుకుంది. కుర్చీలో కూర్చోకుండానే రెండు చేతులూ చాచి రెండు ఎత్తులు చూపించాడు. ఒకటి నడుం దాకా, ఒకటి భుజం దాకా.

"ఏమంటున్నాడు?" అని లాయరు అడిగాడు.

"పిల్లలిద్దరూ ఎలా ఉన్నారంటున్నాడు." ఏడుపు ఆపుకుంటూ ఆమె వాడికి సైగ చేసింది. బాగున్నారు, కొట్టుకుంటున్నారు. వాడు చప్పుడు లేకుండా నవ్వాడు.

"సరే, అసలు సంగతి అడగండి. ఆ రోజు బండి నడిపిందెవరు?"

అక్క రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది, వెనక్కి తిప్పింది, అరచెయ్యి తెరిచింది. ఎవరు?

తమ్ముడు ఆమె వంక చూశాడు. వాడి కుడిచెయ్యి పైకి లేచి, పెదవి దాకా రాబోయి, మధ్యలో ఆగిపోయింది. వాడు అక్క ముఖాన్ని చదువుతున్నాడు. పుట్టినప్పటినుంచీ వాడు చదువుకున్న ఒకే ఒక్క పుస్తకం అది. రాత్రంతా నిద్రలేని కళ్ళు, బిగపట్టిన పెదాలు, అంతా చూశాడు. చెయ్యి దించాడు. అరచెయ్యి తన గుండె మీద పెట్టుకున్నాడు. మళ్ళీ, ఇంకా గట్టిగా, అదే చోట చరుచుకున్నాడు.

టీచరుకి కూడా అర్థమైంది. ఏ బళ్ళోనైనా ఆ సైగ ఒక్కటే.

"ఏమన్నాడమ్మా?" అన్నాడు లాయరు.

ప్రమాణం ప్రకారం ఆమె చెప్పాల్సింది ఒక్క మాట. ఆ మాట నిజంగా వాడన్నదే. ఒక్క అబద్ధమైనా ఆడకుండా, ఒక్క మాటైనా దాచకుండా భర్త బయటపడతాడు. తెలియనివాళ్ళ ముందు బావ అని నిజం చెప్పినవాడు, అక్క ముందు మాట మార్చి ఆమెకి దారి చూపించాడు.

"నేను, అంటున్నాడు" అంది అక్క.

అన్నాక ఆమె ఒళ్ళంతా తేలికైంది. ఆ తేలికకి వెంటనే సిగ్గేసింది.

లాయరు నిట్టూర్చి రాసుకున్నాడు. "అయితే మీసం సంగతి నేననుకున్నదే. సరే, ఒప్పుకుంటే మూడేళ్ళు పడుతుందని చెప్పండి. తెలిసి ఒప్పుకోవాలి కదా."

ఏడాదికి వాళ్ళ సైగ వాన. అక్క వేళ్ళాడిస్తూ వాన కురిపించింది, ఆపింది. మళ్ళీ కురిపించింది. మూడోసారి కురిపిస్తుంటే వేళ్ళు మొరాయించాయి.

తమ్ముడు శ్రద్ధగా లెక్కపెట్టుకున్నాడు. చిన్నపిల్ల ఎత్తు చూపించాడు, నడుం దాకా. ఒక వాన, చెయ్యి కాస్త లేచింది. ఇంకో వాన, ఇంకాస్త. మూడో వానకి చెయ్యి ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆపి, కనుబొమలెత్తి అడిగాడు. ఇంతవుతుందా? అప్పుడొస్తానా? నన్ను గుర్తుపడుతుందా?

అడిగి, జవాబు కోసం చూడకుండా తనే తలూపాడు. కొత్తవాళ్ళ ముందు ఊపినట్టే ఊపాడు.

అక్కకి తలూపడమంటే ఇంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. ఇన్నేళ్ళూ వాడు ఆమె ఒక్కదాని ముందే అలా తలూపలేదు. ఇవాళ తనని కూడా కొత్తవాళ్ళలో కలిపేశాడు. కాదు, కలిసింది తనే.

ఎవరూ అడగమనలేదు. ఆమె వేలు తన పైపెదవి మీదికి వెళ్ళింది, మెల్లగా మెలితిప్పింది. తర్వాత స్టీరింగు. తర్వాత వాడి వైపు తెరిచిన అరచెయ్యి.

తమ్ముడు బల్ల మీదుగా ఒక్క ఉదుటున వంగి ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాడు. మణికట్ల దగ్గర కాదు, వేళ్ళతో సహా గుప్పిట్లో నొక్కేశాడు, ఒక్క వేలైనా కదలకుండా. తల అడ్డంగా ఊపుతున్నాడు. వద్దు, వద్దు, వద్దు. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది, తనకే వినబడనిది.

అద్దం అవతల పోలీసు అద్దం మీద కొట్టాడు. టీచరు లేచి నిలబడింది.

"ఏమైంది? మీరేమడిగారు?" లాయరు గాభరాగా అన్నాడు. "అమ్మా, నేనడగంది మీరు అడగకూడదు!"

తమ్ముడి చూపు ఆమె చేతుల మీదే ఉంది. వాడికి తెలిసిన మాటలన్నీ ఆ చేతుల్లోనే ఉంటాయి.

"సార్" అంది అక్క. "దుబాసీ పని నావల్ల కాదు. నన్ను సాక్షిగా రాసుకోండి. వాడు అబద్ధం చెప్తున్నాడు. మీసమంటే మగాడని కాదు, మా ఆయన. బండి నడిపింది మా ఆయన. వీణ్ణి సీట్లో కూర్చోబెట్టింది కూడా ఆయనే. నిన్న సాయంత్రం నాతోనే అన్నాడు."

లాయరు కలం ఆగింది. పోలీసు తలుపు తాళం తీస్తున్నాడు.

తమ్ముడి గుప్పిట్లో అక్క చేతులు కదలడం మానేశాయి. వాడు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఊరుకుందనుకుని, ఆ చేతుల్ని బల్ల మీద పెట్టి, చిన్నపిల్లని జోకొట్టినట్టు మెల్లగా తట్టాడు.